తలకు మూడున్నర వేలు: ప్రత్యేక అవసరాల పిల్లల చదువుకు కేటాయింపుల లెక్క

ప్రభుత్వ బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం, కేంద్ర రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించే సమగ్ర శిక్ష పథకం ఒక్కొక్కరికి ఏడాదికి గరిష్ఠంగా 3,500 రూపాయలు అనుమతిస్తుంది. బడి 220 రోజులు నడుస్తుందనుకుంటే ఇది రోజుకు 16 రూపాయలు. వినికిడి యంత్రాలు, కాళ్లకు ఆసరాగా కట్టే క్యాలిపర్లు, చక్రాల కుర్చీలు, బ్రెయిలీ పుస్తకాలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, బడికి వచ్చి వెళ్లేందుకు రవాణా భత్యం, బిడ్డను వెంటబెట్టుకొని వచ్చేవారికి ఎస్కార్ట్ అలవెన్స్, చూపు లేని పిల్లలకు పాఠం చదివి వినిపించేవారికి రీడర్ అలవెన్స్, ఫిజియోథెరపీ, బోధనోపకరణాలు అన్నీ ఈ మొత్తంలోనే ఇమడాలి. ప్రత్యేక ఉపాధ్యాయుల జీతాలు, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున ఇచ్చే స్టైపెండు మాత్రం వేరే పద్దుల్లో ఉంటాయి. పైగా 3,500 అనేది బిడ్డకు హక్కుగా దక్కే సొమ్ము కాదు. రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో అడిగి, కేంద్రంలోని ప్రాజెక్టు ఆమోద మండలి ఒప్పుకున్న తరువాత పద్దులవారీగా వచ్చే నిధులకు అది పై హద్దు మాత్రమే.

ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దాని స్వభావం అర్థమవుతుంది. సర్వశిక్ష అభియాన్ తొలినాళ్లలో తలకు 1,200 రూపాయలు ఉండేది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన తరువాత దాన్ని 3,000 చేసి, అందులో కనీసం 1,000 రూపాయలను రిసోర్స్ టీచర్లకే ఖర్చు చేయాలన్నారు. 2018లో సమగ్ర శిక్ష వచ్చినప్పుడు 3,500 అయింది. పైకి ఇది 500 రూపాయల పెంపుగా కనిపించినా, టీచర్ల జీతాన్ని బయటికి తీసి వేరే పద్దులో పెట్టినందువల్ల పిల్లల మీద నేరుగా ఖర్చు చేయగలిగిన భాగం అంతకన్నా బాగానే పెరిగింది. అది మెచ్చుకోదగిన మార్పే. అయితే ఆ తరువాత అంకె కదలలేదు. 2021లో పథకాన్ని 2025-26 వరకు పొడిగించినప్పుడు కూడా అదే మొత్తం కొనసాగింది. ఈలోగా ధరలు మూడో వంతుకు పైగా పెరిగాయి. ఆడపిల్లల స్టైపెండు సంగతి ఇంకా విచారకరం. 2009లో సెకండరీ స్థాయి సహిత విద్య పథకం మొదలైనప్పుడు నెలకు 200 రూపాయలు ఇచ్చేవారు. తరువాత దాన్ని ఒకటో తరగతి నుంచి వర్తింపజేశారు కానీ, 200 మాత్రం 200గానే మిగిలిపోయింది.

అంకె చిన్నది కావడం సమస్యలో ఒక భాగమే. అసలు చిక్కు ‘తలకు ఇంత’ అనే లెక్కలో ఉంది. చూపు మందగించిన ఒక పాప ఉందనుకుందాం. పెద్ద అక్షరాల పుస్తకం, ఒక భూతద్దం, ముందు వరుసలో చోటు, నల్లబల్ల మీద రాసినదాన్ని పైకి చదివి చెప్పే టీచరు ఉంటే ఆమె తరగతితో పాటు నడవగలదు. ఇక్కడ 3,500 సరిపోతుంది, కొంత మిగిలినా మిగలవచ్చు. పాడేరు ఏజెన్సీలో రోడ్డుకు దూరంగా ఉన్న గూడెంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబును తీసుకుంటే, అతనికి నడుము నిలిపే ప్రత్యేకమైన కుర్చీ కావాలి, వారానికి ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపీ కావాలి, మాట కోసం స్పీచ్ థెరపీ కావాలి, రోజూ ఎత్తుకొని బడికి తెచ్చే మనిషి కావాలి, బడిలో మరుగుదొడ్డికి తీసుకెళ్లే ఆయా కావాలి. అతని ఒక నెల ఖర్చుకే ఏడాది కేటాయింపు చాలదు. కాగితం మీద ఇద్దరికీ సమానంగా ఇచ్చినట్టు ఉంటుంది. ఆచరణలో మాత్రం అవసరం ఎక్కువగా ఉన్న బిడ్డ చదువే ముందుగా ఆగిపోతుంది.

ఉపకరణాల విషయంలో ఈ భారాన్ని కొంత తగ్గించే ఏర్పాటు ఉంది. కాన్పూరులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా ఇచ్చే చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాల వంటివాటి ఖర్చులో 60 శాతాన్ని కేంద్ర సామాజిక న్యాయ శాఖ భరిస్తుంది, మిగిలిన 40 శాతం విద్యాశాఖ వైపు నుంచి వస్తుంది. శిబిరం పెట్టి, కొలతలు తీసుకొని, కొన్ని నెలల తరువాత వస్తువు ఇస్తారు. ఎదిగే పిల్లలకు ఆలస్యం ఎంత నష్టమో తల్లిదండ్రులకు తెలుసు. నిరుడు కాలికి కొలిచిన క్యాలిపర్ ఈ ఏడాది పట్టదు. వినికిడి యంత్రం ఇచ్చినా, దాని బ్యాటరీకి, చెవి అచ్చుకు, మరమ్మతుకు ఏటా డబ్బు కావాలి. ఒకసారి కొని ఇచ్చే వస్తువుకు పద్దు దొరికినంత సులువుగా, ఏటా ఉండే నిర్వహణకు దొరకదు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు మనిషిది. సైగ భాష తెలిసిన టీచరు, బ్రెయిలీ నేర్పగల టీచరు, ఆటిజం ఉన్న బిడ్డ ప్రవర్తనను అర్థం చేసుకొని పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి చెప్పగల టీచరు లేకపోతే ర్యాంపులూ పుస్తకాలూ ఉపకరణాలూ ఉన్నా చదువు జరగదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఇన్నేళ్లుగా మండల స్థాయి భవిత కేంద్రాల మీద, అక్కడ పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్ల మీద ఆధారపడి నడిచింది. ఐఈఆర్‌పీలుగా పిలిచే వీరు ఒప్పంద ఉద్యోగులు. మండలానికి ఒకరో ఇద్దరో ఉంటారు. కేంద్రానికి వచ్చే పిల్లలకు బోధించాలి, మండలంలోని బడులన్నీ తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పాలి, సర్వేలు చేయాలి, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరాలకు పిల్లలను సిద్ధం చేయాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. మానసిక వైకల్యంలో శిక్షణ పొందిన వ్యక్తికి ఆ మండలంలోని చూపు లేని బిడ్డకు బ్రెయిలీ నేర్పే బాధ్యత కూడా పడుతుంది. ఆ శిక్షణ వేరు, ఈ శిక్షణ వేరు. వారి ఓపిక వల్ల ఈ వ్యవస్థ ఇంతవరకు నిలబడింది కానీ, ఒక మనిషి ఓపికను నిధుల లోటుకు బదులుగా వాడుకోవడం న్యాయం కాదు, అది ఎల్లకాలం సాగేదీ కాదు.

ఈ పరిస్థితి దేశమంతటా ఉన్నదే. రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని కేంద్రం వెంటనే ఖరారు చేయాలనీ, అంతవరకు ఢిల్లీ దివ్యాంగుల కమిషనర్ సూచించిన నిష్పత్తిని పాటించాలనీ కోర్టు చెప్పింది. ఆ సూచన ప్రకారం సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో 8 మందికి ఒక టీచరు, మేధోపరమైన వైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల్లో 5 మందికి ఒకరు, చూపూ వినికిడీ రెండూ లేనివారిలోనూ ఒకటికి మించిన వైకల్యాలున్నవారిలోనూ ఇద్దరికి ఒకరు ఉండాలి. అవసరం పెరిగే కొద్దీ ఒక టీచరు చేతికింద ఉండే పిల్లల సంఖ్య తగ్గుతుందన్న సూత్రం ఇందులో స్పష్టంగా ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్రం విద్యాహక్కు చట్టం షెడ్యూలును సవరించి, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లలు 10 మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు అని నిర్ణయించింది. ఒక నిర్దిష్టమైన నిష్పత్తి చట్టంలోకి ఎక్కడం మంచిదే. కానీ అవసరాన్ని బట్టి మెట్లు పెట్టిన పద్ధతి పోయి, మళ్లీ అందరికీ ఒకే లెక్క వచ్చింది.

నిష్పత్తి ఉన్నా పోస్టులు లేకపోవడంతో 2025 మార్చిలో సుప్రీంకోర్టు మంజూరు పోస్టులను ప్రకటించాలని రాష్ట్రాలను మరోసారి ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాది ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), స్కూల్ అసిస్టెంట్ స్థాయుల్లో కలిపి 2,260 ప్రత్యేక విద్య పోస్టులను మంజూరు చేసింది. తెలంగాణ అంతకు ముందే 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులను ప్రత్యేక విద్యకు చూపింది. ఇవి పెద్ద అడుగులే. అయినా ఒక్క మండలం లెక్క వేసి చూడాలి. బడికి వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లలు ప్రాథమిక స్థాయిలో 30 మంది, ఆపైన 30 మంది ఉన్నారనుకుంటే, చట్టం ప్రకారం ముగ్గురూ ఇద్దరూ కలిపి ఐదుగురు టీచర్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో మంజూరైన పోస్టులన్నీ భర్తీ అయినా మండలానికి సగటున మూడుకు కొంచెం పైన వస్తాయి. ఆ 60 మందీ ఒకే బడిలో ఉండరు, పది పదిహేను ఊళ్లలో చెదిరి ఉంటారు. అందుకే నిష్పత్తితో పాటు టీచరు తిరగాల్సిన దూరం కూడా లెక్కలోకి రావాలి. ఏజెన్సీ మండలానికీ పట్టణ మండలానికీ ఒకే కొలత సరిపోదు.

ఇక ఎవరిని లెక్కిస్తున్నారన్నది మరో ప్రశ్న. దేశంలోని బడుల వివరాలను ఏటా సేకరించే యూడైస్ 2021-22 నివేదిక ప్రకారం దేశంలోని బడుల్లో ప్రత్యేక అవసరాల పిల్లలు 22.67 లక్షల మంది. బడిలో నమోదైన మొత్తం పిల్లల్లో ఇది ఒక శాతానికి కూడా చేరదు. 2011 జనగణన ఎనిమిది రకాల వైకల్యాలను మాత్రమే లెక్కించినా, జనాభాలో 2.21 శాతం మందిని గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. జాబితా పెరిగినప్పుడు బడిలో లెక్క కూడా పెరగాలి కదా. పెరగలేదంటే పిల్లలు బడి బయటైనా ఉండాలి, బడిలో ఉండి గుర్తింపు లేకుండానైనా ఉండాలి. రెండూ నిజమే. 2011 జనగణనలో 5 నుంచి 19 ఏళ్ల వయసున్న దివ్యాంగుల్లో 61 శాతం మంది మాత్రమే చదువుతూ ఉన్నారు. 12 శాతం మంది మధ్యలో మానేశారు, 27 శాతం మంది అసలు విద్యాసంస్థ గడపే తొక్కలేదు.

గుర్తింపు లేకుండా బడిలో ఉన్నవారిలో అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు ఎక్కువ. అక్షరాలు తారుమారుగా కనిపించే బిడ్డను మన బడులు ఇప్పటికీ ‘మొద్దు’ అనో ‘శ్రద్ధ లేదు’ అనో అనేస్తాయి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యమున్నట్టు సదరం ధ్రువపత్రం కావాలి. కాలు లేకపోవడాన్ని కొలిచినంత తేలికగా చదవడంలోని ఇబ్బందిని కొలవలేరు. జిల్లా ఆసుపత్రిలో అందుకు అవసరమైన నిపుణులు దొరకడం కష్టం, స్లాటు దొరికినా కూలి పని మానుకొని రెండు మూడుసార్లు తిరగాలి. నిధులను పత్రానికి ముడిపెట్టడమంటే పత్రం తెచ్చుకోగలిగిన కుటుంబాలకే నిధులు ఇవ్వడమే. తరగతిలో టీచరు గుర్తించిన నాటి నుంచే మొదటి దశ సహాయం అందాలి, ధ్రువపత్రం అధిక ఖర్చు అవసరమైన సేవలకు మాత్రమే షరతు కావాలి. ఇందుకు పునాది ఇప్పటికే ఉంది. టీచర్లే పిల్లల్లో లక్షణాలను ప్రాథమికంగా పరిశీలించేందుకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ యాప్‌ను తెచ్చింది. ఆ పరిశీలన తరువాత బడికి ఒక్క రూపాయి కూడా రాకపోతే, పరిశీలించడానికి టీచరుకు కారణం ఉండదు.

తలల లెక్కతో నిధులిస్తే లెక్కను పెంచి చూపుతారన్న భయం విధానకర్తలకు ఉంటుంది, ఆ భయం ఉత్తది కాదు. నెదర్లాండ్స్ 2003లో ‘వీపు సంచి’ అనే పేరుతో, వైకల్యం నిర్ధారణ అయిన బిడ్డ వెంట డబ్బు వెళ్లే పద్ధతి పెట్టింది. నిర్ధారణలూ ఖర్చూ అనుకున్నదానికన్నా ఎక్కువగా పెరిగాయి. 2014లో ఆ పద్ధతిని ఆపి, ప్రాంతంలోని మొత్తం పిల్లల సంఖ్యను బట్టి బడుల సమాఖ్యలకు నిధులిచ్చి, ఏ బిడ్డకు ఎంత సాయం కావాలో అవే నిర్ణయించుకునేట్టు చేసింది. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలూ ఇటువంటి మార్గమే పట్టాయి. అయితే మన దగ్గర ఉన్న జబ్బు అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ పిల్లలను ఎక్కువగా లెక్కించడం లేదు, చాలా తక్కువగా లెక్కిస్తున్నారు. వాళ్ల జాగ్రత్తను మనం తెచ్చుకుంటే ఇక్కడి లోటు ఇంకా పెరుగుతుంది.

అమెరికా నుంచి నేర్చుకోవలసింది నిధుల సూత్రం కన్నా హక్కు స్వరూపం. అక్కడ 1975లో తెచ్చిన చట్టంలో అదనపు ఖర్చు కోసం జాతీయ సగటు తలసరి విద్యా వ్యయంలో 40 శాతం వరకు కేంద్రం ఇస్తుందని చెప్పారు. ఆ మాట ఒక్క ఏడాది కూడా నెరవేరలేదు. నిధుల న్యాయం విషయంలో ఆ దేశం ఆదర్శం కానే కాదు. కానీ అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు బాగా పరిచయమైన ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ఒక సేవ రాస్తే, డబ్బు లేదన్న కారణంతో బడి దాన్ని నిరాకరించలేదు. 1999లో అయోవా రాష్ట్రంలోని సీడర్ ర్యాపిడ్స్ బడి జిల్లా కేసులో, శ్వాస యంత్రం మీద ఉన్న విద్యార్థికి బడి సమయమంతా నర్సింగ్ సేవ ఇవ్వాల్సిందేనని, ఖర్చు ఎక్కువన్నది సాకు కాదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మన పద్ధతిలో మొదట 3,500 ఉంటుంది, దానికి సరిపోయేట్టు సేవను కుదిస్తారు. సేవను ముందు నిర్ణయించి, ఆ తరువాత డబ్బు వెతికే పద్ధతి మన చట్టాలకు కొత్తేమీ కాదు. 2016 చట్టంలోని 31వ సెక్షన్ నిర్దేశిత స్థాయి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలందరికీ దగ్గర్లోని బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచిత విద్య పొందే హక్కు ఇచ్చింది. హక్కును చట్టంలో రాసినవారు బడ్జెట్ నియమాల్లో దాన్ని మరిచిపోయారు.

ఇంటివద్ద చదువు ఇందుకు మంచి ఉదాహరణ. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్రమైన, బహుళ వైకల్యాలున్న పిల్లలు ఇంటి దగ్గర చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చునని చెప్పింది. ఎంచుకునేది కుటుంబం. రవాణాకు డబ్బు చాలక, ఎత్తుకొచ్చే మనిషి లేక, బడిలో అనువైన మరుగుదొడ్డి లేక బిడ్డ ఇంట్లో ఉండిపోతే, దాన్ని కూడా రికార్డుల్లో ఇంటివద్ద చదువుగానే రాస్తారు. వారానికి ఒకరోజు వచ్చే టీచరుతో గంటసేపు గడపడం మంచిదే, కానీ అది తోటి పిల్లల మధ్య కూర్చొని చదువుకోవడానికి సాటి రాదు. భవనాల విషయానికొస్తే, 2021-22లో దేశంలోని బడుల్లో దాదాపు సగానికే చేతిపట్టు ఉన్న ర్యాంపులు ఉన్నాయి, దివ్యాంగులకు అనువైన మరుగుదొడ్లు సుమారు 27 శాతం బడుల్లోనే ఉన్నాయి.

కుటుంబాలకు నేరుగా ఇచ్చే సొమ్ము ఈ లోటును పూడుస్తుందన్న వాదన వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. పేద ఇంటికి ఇది నిజమైన ఆసరా, ఇందులో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. కానీ రాష్ట్రం ఒక బిడ్డ పోషణకు ఏడాదికి 72,000 ఇవ్వగలిగి, అదే బిడ్డ చదువుకు 3,500 దగ్గర ఆగిపోవడంలో ఒక నమ్మకం దాగి ఉంది. ఈ బిడ్డను పోషించాలే తప్ప, చదివించి నిలబెట్టడం అయ్యే పని కాదన్న నమ్మకం అది. పింఛను డబ్బుతో తల్లి మందులు కొనగలదు, ఆటోకు ఇవ్వగలదు. ఊళ్లో లేని స్పీచ్ థెరపిస్టును ఆ డబ్బుతో తెచ్చుకోలేదు. అటువంటి సేవను ఉమ్మడిగా, ఊరి దగ్గరికి తేవలసింది ప్రభుత్వమే.

ప్రైవేటు బడుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. విద్యాహక్కు చట్టం పెట్టిన 25 శాతం సీట్ల కోటాలో దివ్యాంగ పిల్లలు కూడా ఉన్నారు. అయితే ప్రభుత్వం తిరిగి చెల్లించే మొత్తం తన బడుల తలసరి ఖర్చుకుగానీ, ఆ బడి ఫీజుకుగానీ, ఏది తక్కువైతే దానికి పరిమితం. అదనపు అవసరానికి అదనపు చెల్లింపు లేదు. ప్రత్యేక ఉపాధ్యాయుడిని పెట్టుకున్న బడికి నష్టం, ఏదో ఒక కారణం చెప్పి తల్లిదండ్రులను వెనక్కి పంపిన బడికి లాభం అయ్యేట్టు ఈ నియమం ఉంది.

న్యాయమైన కేటాయింపుకు ‘తలకు ఇంత’ స్థానంలో మూడు పొరలు కావాలి. మొదటిది, పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రతి మండలానికీ ఖాయంగా ఉండే భవిత కేంద్రం ఖర్చు. వేర్వేరు వైకల్యాల్లో శిక్షణ పొందిన శాశ్వత టీచర్లు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఒక వాహనం ఇందులోకి వస్తాయి. ఏజెన్సీ, దూరప్రాంత మండలాలకు ఇది ఎక్కువగా ఉండాలి. రెండవది, బిడ్డ అవసరం స్థాయిని బట్టి మారే మొత్తం. ధరలతో పాటు ఏటా పెరగాలి. మూడవది, అరుదైన, భారీ ఖర్చు అవసరమైన పిల్లల కోసం రాష్ట్ర స్థాయిలో ఉంచే నిధి. ఒక బిడ్డకు ఏడాదికి రెండు లక్షలు కావలసి వస్తే ఆ భారం ఒక బడి మీదో మండలం మీదో పడకూడదు. పడితే ఆ బిడ్డ తోటివారికి పోటీగా కనిపిస్తాడు. ఈ మూడింటిలో మొదటిదానికే ఎక్కువ సొమ్ము వెళ్లాలి. ఎందుకంటే మిగతా రెండూ ఎవరి చేతుల మీదుగా పిల్లలకు చేరాలో ఆ మనుషులు మొదటి పొరలోనే ఉన్నారు.

సొమ్ము ఎప్పుడు వస్తుందన్నది కూడా న్యాయంలో భాగమే. సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కేంద్రం వాయిదాల్లో విడుదల చేస్తుంది, రాష్ట్రం తన వాటా జమ చేయాలి, తరువాతి వాయిదా రావాలంటే వినియోగ పత్రాలు పంపాలి. 2024-25లో పీఎం శ్రీ అనే కేంద్ర ఆదర్శ బడుల పథకం ఒప్పందం మీద వివాదం తలెత్తినప్పుడు కొన్ని రాష్ట్రాలకు సమగ్ర శిక్ష నిధులే ఆగిపోయాయి, తమిళనాడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వివాదంలో ఎవరి వాదన సరైనదైనా, ఎస్కార్ట్ భత్యం మీద ఆధారపడి బడికి వచ్చే బిడ్డకు దానితో ఏ సంబంధమూ లేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి కావలసిన రవాణా భత్యం ఏడాది చివర్లో ఖాతాలో పడితే, ఆ నెలలన్నీ అప్పు చేసి ఆటోకు ఇచ్చిన ఇంటికే అది ఉపయోగపడుతుంది. అప్పు పుట్టని ఇంటి బిడ్డ అప్పటికే బడి మానేసి ఉంటుంది.

ఈ లెక్కలన్నీ రాష్ట్ర రాజధానుల్లోనూ ఢిల్లీలోనూ తయారవుతున్నా, వాటికి మొదటి అక్షరం పడవలసిన చోటు ఊరి బడే. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతులు, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. అందులో ప్రతికూల స్థితిలో ఉన్న వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ స్థానం ఇవ్వాలి. 2012 సవరణ తరువాత దివ్యాంగ పిల్లలు ఆ వర్గంలోకే వస్తారు. కాబట్టి వారి తల్లిదండ్రులు కమిటీలో కూర్చోవడం ఎవరి దయా కాదు. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది ఆ కమిటీయే. తన బిడ్డకు కావలసినవి ఏమిటో, ఎన్ని గంటల సేవ కావాలో, ఎంత దూరం నుంచి రావాలో ఆ తల్లి చెప్పినప్పుడు ప్రణాళికలో మొత్తం రాయవలసిన గడిలో 3,500కు బదులు అసలు ఖర్చు రాయించవచ్చు. మండలం ఆ కాగితాలను కూడి జిల్లాకు, జిల్లా రాష్ట్రానికి పంపితే, అడిగినది ఎంత, ఇచ్చినది ఎంత అన్న తేడా మొదటిసారిగా ప్రభుత్వ రికార్డుల్లోనే కనిపిస్తుంది.